తిరుమలమ్మ ముందు పన్ను

తిరుపతి,
3 జూన్ 2024

మామా,

డబ్బా మూత తీయగానే అచ్చులు పక్కన పెట్టి ముందు ఈ కాగితమే చదువుతావని తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఇదే కదా మన తంతు. నేనిక్కడ పేషెంట్ల నోళ్ళ అచ్చులు తీసి బిస్కట్ల డబ్బాలో పెట్టి పలమనేరు బస్సు కండక్టరు చేతికిస్తాను. నువ్వక్కడ వాటికి పళ్ళు చేసి అదే డబ్బాలో తిప్పి పంపుతావు. పళ్ళతోపాటు మన ఉత్తరాలూ ప్రయాణం చేస్తాయి. ఫోన్లో మాట్లాడుకుందామంటే, గ్రైండింగు మోటారు పక్కన ముప్పై ఐదేళ్ళు కూర్చుని నీ చెవులు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. నేను అరవడం, నువ్వు "ఏందీ?" అనడం, పక్కింటివాళ్ళు తలుపు తీసి చూడడం. ఉత్తరమే నయం.

ముందు పని సంగతి. ఈసారి అచ్చు బ్యాంకు మేనేజరు ధనంజయ గారిది. రెండు క్యాపులు. రంగు మరీ తెల్లగా వద్దు, సున్నం కొట్టిన గోడలా ఉంటుందని ఆయన భయం.

ఇక అసలు వార్త. స్కానరు కొన్నాను! లావుపాటి టూత్‌బ్రష్షు పిడి అంత ఉంటుంది. దాన్ని పళ్ళ వెంట మెల్లగా తిప్పితే చాలు, ఎదురుగా తెర మీద నోరంతా లేచి నిలబడుతుంది. ముద్ద కలపడం లేదు, ట్రేలో వేసి నోట్లో కుక్కడం లేదు, గొంతులోకి జారి పేషెంటు నా చీర మీద కక్కడం లేదు. ఆ గులాబీ ముద్ద గట్టిపడేదాకా చొంగ కారుస్తూ, కళ్ళతోనే నన్ను తిడుతూ కూర్చునే మూడు నిమిషాలు పోయాయి మామా! నిన్న ఒకాయన అయిపోయిందంటే నమ్మలేదు. "ఇంగా ముద్దే పెట్టలేదు గదమ్మా, యాడ అయిపోయింది?" అని నోరు తెరుచుకునే కూర్చున్నాడు.

ఆ ఫైలు నిమిషంలో బెంగళూరులోని ఒక వర్క్‌షాపుకు వెళ్ళిపోతుంది. అక్కడ మిషనే పళ్ళు చెక్కేస్తుంది. వచ్చే నెల నుంచి ప్లాస్టరు అచ్చులు ఉండవు. నువ్వింక ఆ దుమ్ములో దగ్గుకుంటూ కూర్చోనక్కర్లేదు, హాయిగా విశ్రాంతి తీసుకో. మిగతా సంగతి నువ్వు వచ్చినప్పుడు చెబుతాను.

అన్నట్టు, అమ్మ ముందు పన్ను ఊడింది. పాకాలలో పదిమంది ఆడపిల్లలకు కుట్టు నేర్పుతూ, కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితోనే తెంపుతుందే, ఆ పన్నే. దాని పక్కవి రెండు కూడా ఊగుతున్నాయి, తీసేశాను. పక్కపళ్ళ ఆసరాతో మూడు పళ్ళ బ్రిడ్జి కట్టాలి. మన ఇంట్లో స్కానరు బోణీ అమ్మదే!

నీ మేనకోడలు,
ప్రసన్నకుమారి


పలమనేరు,
8 జూన్ 2024

డాక్టరమ్మ గారికి,

ధనంజయ గారి క్యాపులు రెండూ డబ్బాలో ఉన్నవి. ఆయన వయసుకు తగిన రంగు వేశాను. తెల్లగా లేవు, పచ్చగా లేవు, బ్యాంకు మేనేజరు పళ్ళలాగే ఉన్నవి.

మీరు మిషను కొన్నారని చదివి సంతోషించాను. ఆ సంతోషంలో రెండు పూటలు అన్నం కూడా తినలేదు.

మామకు విశ్రాంతి ఇచ్చారు. మంచిది. దుమ్ములో కూర్చోవద్దన్నారు. అదీ మంచిదే. నేను అడిగేది ఒకటే. కాలేజీలో మొదటి సంవత్సరం మైనంతో పన్ను చెక్కడం రాక, ఫెయిలైపోతానని ఏడ్చుకుంటా బస్సెక్కి నా దగ్గరికి వస్తివే, అప్పుడు యాడ కూసోబెట్టినా నిన్ను? ఈ దుమ్ములోనే గదా! నీ చెయ్యి నా చేత్తో పట్టుకోని మూడు రోజులు చెక్కిచ్చినా. అప్పుడు దుమ్ము ముద్దొచ్చె, ఇప్పుడు దుమ్ముకు దగ్గొచ్చెనా? ఏరు దాటినాక తెప్ప తగలేసేది అంటే ఇదే.

నేనుండి పనిచేసే ఈ గది ఖాళీ చేస్తానని ఇంటి ఓనరమ్మ కోమలికి చెప్పేసినా. జూలై ముప్పై ఒకటి ఆఖరు. మిగతా సంగతి వచ్చినప్పుడు చెప్తానంటివి. ఇంగ మిగిలిందేముండాది చెప్పేదానికి?

ఒక్కటి మాత్రం ఇను. అక్క నోట్లో ఆ టార్చిలైటు పెట్టొద్దు. నేనే వచ్చి అచ్చు తీస్తా. కక్కితే నా మీదే కక్కనీ. పసిబిడ్డగా ఉన్నప్పుడు నేను ఆమె మీద ఎన్నిసార్లు కక్కలేదు?

ఇట్లు,
పని పోయిన ఇమ్మానుయేల్


తిరుపతి,
19 జూన్ 2024

మామా,

"డాక్టరమ్మ గారికి" అని మొదలుపెట్టావంటే పిడుగు పడుతుందని నాకు తెలుసు. కోపమొస్తే నువ్వు రాయడం మానేసి మాట్లాడతావు. ఈసారి సగం ఉత్తరానికే నా చెవులు గింగురుమన్నాయి. కానీ నేను చేసిన తప్పేమిటో మాత్రం బోధపడలేదు. మైనం పన్ను సంగతి నేను మరిచిపోయానని ఎవరన్నారు? ఎండకు నీకు పిత్తం చేసినట్టుంది. మజ్జిగ తాగు.

గది ఖాళీ చేస్తున్నావా? భలే మంచి పని చేశావు. నేనే అడుగుదామనుకుని జంకుతున్నాను, నువ్వే తేల్చేశావు. ఇక్కడ కిటికీ పక్కన నీకోసం మెత్తటి కుర్చీ కూడా వేయించాను. ఎప్పుడొస్తావో రాయి.

అమ్మ సంగతికి వస్తే, నువ్వు వచ్చేదాకా ఆగుదామన్నాను. తనే ఆగలేదు. "వాడి ముద్ద వద్దు, వాడూ వద్దు. ముద్ద నోట్లో పెట్టేసి గట్టిపడే దాకా కీర్తనలు పాడతాడు. నవ్వొస్తే నవ్వేదానికీ లేదు, ఏడుపొస్తే ఏడ్చేదానికీ లేదు" అంది. పాకాల నుంచి రైల్లో వచ్చింది. క్రిస్మసు పట్టుచీర, ముఖానికి పౌడరు! పంటి డాక్టరు దగ్గరికి కాదు, పెళ్ళికి వచ్చినట్టుంది.

ఆ పూట నేను పక్కగదిలో ఒకాయన జ్ఞానదంతంతో కుస్తీ పడుతున్నాను. పదేళ్ళుగా నా దగ్గరున్న నర్సు లోకేశ్వరే అమ్మను కూర్చోబెట్టింది. "భయపడొద్దు పెద్దమ్మా, ముద్దా గిద్దా ఏం లేదు, ఇది ఉత్త కెమెరా" అందట. అమ్మ కొంగు సర్దుకుని, నడుము నిటారుగా పెట్టి, పళ్ళు కరిచిపట్టమంటే కరిచిపట్టి, బొమ్మలా కూర్చుందట. ఐదు నిమిషాలు. కక్కు లేదు, కన్నీళ్ళు లేవు. అచ్చంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, "ఇంగోసారి తీస్తావా?" అని అడిగిందట!

ఫైలు బెంగళూరు వెళ్ళిపోయింది.

నీ ప్రసన్న


పలమనేరు,
26 జూన్ 2024

డాక్టరమ్మ గారికి,

కుర్చీ వేయించినందుకు కృతజ్ఞతలు. మెత్తగా ఉంటుందన్నారు. కిటికీ పక్కన అన్నారు. మా తాతకు కూడా ఆఖరి రోజుల్లో మా నాయన కిటికీ పక్కనే వేయించినాడు. ఆర్నెల్లు కూర్చున్నాడు పాపం.

ఇక్కడ సర్దడం మొదలుపెట్టాను. అటక నిండా ముప్పై ఐదేళ్ళ నోళ్ళు ఉన్నవి. పాస్టరు గారిది, పోలీసాయనది, పాల సంఘం ప్రెసిడెంటుది. సుందరరాజు మాష్టారి నోళ్ళే ఏడు దొరికినవి. ఆయన పెళ్ళి భోజనానికి పోయినప్పుడల్లా కట్టుడు పళ్ళు తీసి విస్తరి పక్కన పెట్టుకోవడం, ఎవరో విస్తరితోపాటు ఎత్తి పారేయడం, మళ్ళీ నా దగ్గరికి రావడం. కోమలి వచ్చి, "ఈ గడ్డలన్నీ నాకిచ్చెయ్యప్పా, వాకిట్లో వానకు గుంతలు పడినాయి, పూడ్చుకుంటా" అనింది. రేపటి నుంచి ప్రెసిడెంటు నోరు తొక్కుకుంటూ కొళాయి దగ్గరికి పోతుందన్నమాట.

నవ్వుకో. నేనూ నవ్వుకుందామనే రాశాను. కానీ పాపా, నాకు కడుపు మండుతోంది. ఈ పని తప్ప నాకు ఇంకొకటి రాదు. పొద్దున లేచి చేతికి మైనం అంటకపోతే ఆ రోజు ఏం చేయాలో నాకు తెలియదు. నువ్వు వద్దని నేరుగా రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. "భలే మంచి పని చేశావు" అని రాశావు చూడు, అది గుచ్చుకుంది.

అక్కకు బ్రిడ్జి పెట్టినాక ఎట్లా ఉందో రాయి. పన్ను బాగుంటే బాగుందనే రాయి, నాకోసం అబద్ధం చెప్పొద్దు.

ఇమ్మానుయేల్


తిరుపతి,
11 జూలై 2024

మామా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏడ్చాను. నేనేదో రాస్తే నువ్వేదో అర్థం చేసుకున్నావు. దాని గురించి తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు నెత్తి మీద వేరే రాయి పడింది.

అమ్మ బ్రిడ్జి వచ్చింది. ముత్యాల్లాంటి పళ్ళు, రవ్వంత వంకర లేదు. పెట్టాను. అమ్మ అద్దంలో చూసుకుని "బాగుండాది లే" అని పాకాల వెళ్ళిపోయింది. వారం తర్వాత ఆదివారం నేను వెళ్ళాను. కోడికూర వండింది. తన ముక్కలన్నీ నా పళ్ళెంలో వేసేసి, సంగటి ముద్దలు గుటుక్కున మింగుతోంది. "నమలవేమమ్మా?" అంటే, "ఈ మధ్య మాంసం సయించడం లేదు" అంటుంది. తిరుమలమ్మకు కోడికూర సయించడం లేదంటే నేను నమ్మాలా?

నిలదీస్తే అప్పుడు చెప్పింది. నోరు మూస్తే ముందు పళ్ళు ముందే తగిలేస్తున్నాయి. వెనక దవడ పళ్ళు ఆనడమే లేదు. వారం రోజులుగా ఆమె ఒక్క మెతుకు నమల్లేదు మామా! "నువ్వు అంత ఆశగా కొనుక్కున్న మిషను గదా పాపా, బాగలేదంటే నొచ్చుకుంటావని" అంది. నాకు ఎక్కడైనా పోయి ముఖం దాచుకోవాలనిపించింది.

బెంగళూరు వాళ్ళనడిగితే, మీరు పంపిన కాటు ప్రకారం, పై పళ్ళూ కింది పళ్ళూ ఎట్లా కలిశాయో అట్లాగే చేశామంటారు. లోకేశ్వరి మళ్ళీ స్కాన్ చేసింది. అచ్చం అదే వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేదు. యంత్రం రెండుసార్లూ ఒకే అబద్ధం చెబుతుందా? తప్పు ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు. ఆ బ్రిడ్జి తీసేసి తాత్కాలికంగా ఒకటి పెట్టాను. తెర మీది బొమ్మల్ని కాగితం మీద అచ్చుతీసి ఇందులో పెడుతున్నాను. ముందు నుంచి ఒకటి, పక్కల నుంచి రెండు. నా మీద కోపముంటే ఉండనీ. మీ అక్క కోసం చూడు.

ప్రసన్న


పలమనేరు,
15 జూలై 2024

కోడలు పిల్లా,

కాగితాలు చూశాను. కిటికీ దగ్గర పెట్టి ఒకసారి, వాకిట్లో ఎండలో పెట్టి ఒకసారి చూశాను. తర్వాత పడీపడీ నవ్వాను. కోమలి వచ్చి, "ఏమప్పా, నిన్నటిదాకా ఏడుపు, ఈ పొద్దు నవ్వు, బాగుండావా?" అని అడిగి పోయింది.

నీ మిషను అబద్ధం చెప్పలేదు. దాని ముందర ఏముందో అదే చూపించింది. ఆ దవడ పళ్ళ మీద అరిగిన చోట్లు చూడు. పైన అరిగిన పన్ను, కింద అరిగిన పన్ను ఒకదానికొకటి ఆనుకోవాలి. అరవై ఏళ్ళు కలిసి నమిలి అరిగిన పళ్ళు అవి, మొగుడూ పెళ్ళాల మాదిరి జత కుదిరి ఉంటాయి. ఈ బొమ్మలో అవి విడాకులు తీసుకున్నట్టు నిలబడ్డాయి. కింది దవడంతా ముందుకు తోసి ఉంది. అది అక్క అన్నం తినే నోరు కాదు పాపా. ఫోటో నోరు!

నమ్మకపోతే ఇంట్లో ఫోటోలన్నీ తీసి చూడు. మీ నాయనతో పెళ్ళి ఫోటో, చర్చి జూబిలీ ఫోటో, ఆధారు కార్డు, రేషను కార్డు. అన్నింట్లో దవడ ముందుకు తోసి, కింది పెదవితో ఎత్తుగా ఉన్న పై పన్ను కప్పుకుని ఉంటుంది. కెమెరా కనిపిస్తే చాలు, మా అక్క దవడ దానంతటదే ముందుకొస్తుంది. ఇప్పుడు ఆ పన్నే లేదు, అయినా కప్పుకుంటూనే ఉంది. లోకేశ్వరి "ఇది ఉత్త కెమెరా" అనిందంటివే, ఆ మాట వినినాక ఆమె ఇంకెట్లా కూర్చుంటుంది? పౌడరు పూసుకుని వచ్చినప్పుడే నీకు అర్థం కావాల్సింది. నువ్వు ఆ ముఖాన్ని పుట్టినప్పటి నుంచి చూస్తున్నావు కాబట్టి నీకు కనపడలేదు.

మందు చెబుతాను. కెమెరా అనే మాట ఎత్తొద్దు. నాలుగు చెనక్కాయలు, ఒక బెల్లం ముక్క ఇచ్చి నమలమను. పక్కన కూర్చుని, పోయిన ఏడు కుట్టుమిషను అడిగి తీసుకుపోయి పాడుచేసి ఇచ్చిన చంద్రకాంతమ్మ సంగతి ఎత్తు. తిట్టడం మొదలుపెడుతుంది. తిట్టి తిట్టి ఎంగిలి మింగినప్పుడు దవడ ఎక్కడ ఆగుతుందో అదే ఆమె కాటు. కదలనీయకుండా అప్పుడు నీ టార్చిలైటు తిప్పు.

నెలాఖరుకు గది ఖాళీ. ఆ మాటలో మార్పు లేదు.

మామ


తిరుపతి,
22 జూలై 2024

మామా, మామా, మామా,

కుదిరింది! చెనక్కాయలు పెట్టాను, చంద్రకాంతమ్మ పేరెత్తాను. అమ్మ పావుగంట తిట్టింది. లోకేశ్వరి నోరు నొక్కుకుని బయటికి పరుగెత్తింది. మింగినప్పుడు పట్టుకున్నాను. తెర మీద దవడ పళ్ళు రెండు వరసలూ తాళంలో చెవి పడ్డట్టు కూర్చున్నాయి. ఇరవై రెండేళ్ళుగా డాక్టరును, నా తల్లి కాటు నాకు తెలియలేదు. నువ్వు కాగితం మీద చూసి చెప్పావు.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోనీ. ఆ కుర్చీ తాత కుర్చీ కాదు మామా, పని కుర్చీ. దాని ముందు నీకోసం వేరే తెర పెట్టించాను. ప్రతి నోరూ నువ్వు చూసి, "ఇది తినే నోరే" అని చెప్పాకే బెంగళూరు వెళ్ళాలని నా ఆశ. మిషను చెక్కి పంపిన చట్రం మీద పింగాణీ పూత చెయ్యి తిరిగినవాళ్ళే వెయ్యాలి, అదీ నువ్వే. విశ్రాంతి అన్నది దుమ్ముకు మామా, నీకు కాదు. మిగతా సంగతి వచ్చినప్పుడు చెబుతానన్నది ఇదే. ఎదురుగా చెప్పి నువ్వు ఎగిరి గంతేస్తే చూద్దామని దాచాను. గది ఖాళీ చేస్తానంటే తిరుపతి వచ్చేస్తున్నావనుకుని సంబరపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వు లేకుండా నేను ఒక్క పన్ను పెట్టలేను. రానంటే ఆ తెర తీసి గోనెసంచిలో కట్టేస్తాను.

ఇంకొకటి. అమ్మను అడిగాను, ఫోటో అంటే దవడ ఎందుకట్లా తోస్తావని. మొదట చెప్పలేదు. తర్వాత నవ్వుతూ చెప్పింది. "నాకు పద్నాలుగేండ్లు. సిత్తూరు నుంచి ఫోటో ఆయన వచ్చినాడు. ఇంటి ముందర దుప్పటి కట్టి అందర్నీ నిలబెట్టినాడు. నీ మామ ఆరేండ్లోడు. 'అక్క పన్ను సూడండి, కొబ్బరి తురుము పీట!' అని ఊరంతా ఇనేటట్టు అరిసినాడు. ఫోటో ఆయన కూడా నవ్వేసినాడు. ఆ పొద్దు మూసినా నోరు."

అమ్మ కొత్త బ్రిడ్జి చట్రం డబ్బాలో ఉంది. ముందు పన్ను వరసలో పెట్టాలా, పాతదానిలా ముందుకు పెట్టాలా అని అమ్మనడిగితే, "మీ మామనడుగు" అంది.

నీ ప్రసన్న


పలమనేరు,
30 జూలై 2024

కోడలు పిల్లా,

నాకు గుర్తు లేదు. ఎంత తలబాదుకున్నా గుర్తు రావడం లేదు. ఆరేళ్ళప్పుడు నాయన మేకపిల్ల కొనిపెట్టింది గుర్తుంది, జామచెట్టు మీంచి పడింది గుర్తుంది. ఇది లేదు. నాకు ఒక నిమిషం మాట, ఆమెకు యాభై నాలుగేళ్ళు. ఊరందరి నోళ్ళకూ పళ్ళు కట్టినాను గానీ నా అక్క నోరు మూయించింది నేనే. ఆ పూట మోటారు వెయ్యలేదు.

శుక్రవారం పాకాల పోయాను. ఆమె కుట్టుమిషను ముందర ఉంది. నిలబడే అడిగాను. "అక్కా, పన్ను వరసలో పెట్టేదా? ఎవురూ ఏమీ అనరు ఇంగ" అన్నాను. మిషను ఆపకుండానే చెప్పింది. "ఆ పన్ను లేకుండా అద్దంలో సూసుకుంటే ఎవురో పరాయి ఆడమనిషి నా రవిక ఏసుకోని నిలబడినట్టుండాది. పెట్టు. ముందుకే పెట్టు." క్షమించమని అడగాలని పోయాను. అడిగేలోపే "కాఫీ తాగుతావా?" అనింది. తాగి వచ్చేశాను.

రెండు రోజులు కూర్చుని చేశాను. ముందుకు ఎంత, వంపు ఎంత, ఏ మూల అరగాలి, ఏదీ ఎవరినీ అడగలేదు. చేతికి తెలుసు. నువ్వు లేకుండా పెట్టకూడదని తెలుసు, కానీ ఉండబట్టలేక నిన్న పోయి సరి చూశాను, తాత్కాలికంగా అతికించాను. బుధవారం నీ దగ్గరికి వస్తుంది, నువ్వు గట్టిగా పెట్టు. నిన్న రెండు చేతులా చెనక్కాయలు తినింది. వద్దంటున్నా దారం కూడా కొరికింది.

గది ఖాళీ చేయనని కోమలికి చెప్పేశాను. వాకిట్లో గుంతలు మట్టితో పూడ్చుకోమన్నాను. మంగళవారం, శుక్రవారం పొద్దున బస్సుకు తిరుపతి వస్తాను, మిగతా రోజులు ఇక్కడ పింగాణీ పని. లోకేశ్వరికి చెప్పు, నేను చూడకుండా ఎవరి నోరూ బెంగళూరు పోకూడదు. ఆ కుర్చీకి మెత్త తీసేయించు, నడుము నొప్పి వస్తుంది.

ఒక్కటి మరిచాను. పన్ను పెట్టినాక ఫోటో తీద్దామని ఫోను ఎత్తాను. ఎత్తానో లేదో, దవడ ముందుకొచ్చేసింది. "అక్కా, మామూలుగా ఉండు" అంటే ఇంకా ముందుకొచ్చింది. ఇంక ఏం చేసేది? నాకు ఏం తోచిందో ఏమో, వీధంతా వినేటట్టు అరిచాను: "అక్క పన్ను సూడండ్రా, కొబ్బరి తురుము పీట!"

కుట్టు నేర్చుకునే పిల్లలందరూ సూదులు చేతిలో పట్టుకుని బిత్తరపోయి చూశారు. అక్క ఒక క్షణం నన్నే చూసింది. తర్వాత నోరంతా తెరిచి పకపకా నవ్వింది, ఆ పన్ను అందరికంటే ముందు నిలబడి. తీసేశాను ఫోటో. నవ్వు ఆపకుండానే లేచి వచ్చి నా నెత్తిన ఠంగుమని ఒక్కటి మొట్టింది. యాభై నాలుగేళ్ళ కిందట పడాల్సింది పాపా, ఇప్పుడు పడింది. ఇంకా నొప్పిగానే ఉంది.

మీ మామ,
ఇమ్మానుయేల్